తల లేని తలగడ

నేను ఒక తలగడను. చీరాలలో పరుపులు కుట్టే మస్తాన్ చేతుల్లో బూరుగు దూదితో పుట్టాను. మొదట బస్టాండు పక్క లాడ్జిలో ఆరేళ్లు పనిచేశాను. పగలంతా కోతలు కోసిన మగానుభావులు కూడా నా మీద తల పెట్టగానే భయాలన్నీ వెళ్లగక్కేవారు. అవి కొంత నా దూదిలోకి దిగాయేమో, నాకు ప్రతిదానికీ కంగారే. లాడ్జి మూతపడి సామాన్లు అమ్మేస్తుంటే సీతారావమ్మగారు నన్ను కొని ఇంటికి తెచ్చుకున్నారు.

ఆవిడ కోడలు విమల ఒక నర్సింగ్‌హోమ్‌లో నర్సు. తొమ్మిదేళ్లుగా ప్రసూతి గదిలోనే పని. ఇకపై పసిబిడ్డల సంరక్షణ మీద ఆన్‌లైన్ కోర్సు పాసైనవాళ్లే ఆ గదిలో ఉంటారని, మిగతావాళ్లు చీటీలు రాసే కౌంటర్లో కూర్చోవాలని యాజమాన్యం తేల్చేసింది. ఆ గదంటే విమలకు ప్రాణం. మూడు నెలలు ఫోన్లో పాఠాలు వింది. ప్రతి పాఠం చివర ఐదు ప్రశ్నలు. ఎ, బి, సి, డిల్లో ఒకటి నొక్కాలి. ఊపిరందని బిడ్డ ఎ, బి, సి, డి అని ఎంచుకోమని అడగదు కదా! ఆ సంగతి కోర్సు పెట్టినవాళ్లకూ తట్టినట్టుంది, చివరి పరీక్షలో మాత్రం బిడ్డకు ఊపిరి అందించడం వీడియో కాల్లో చేసి చూపించమన్నారు. అవకాశాలు రెండే. బిడ్డ బొమ్మ లేనివాళ్లు తలగడ వాడుకోవచ్చన్నారు. ఆ మాట వినగానే నాకు దడ మొదలైంది.

మొదటిసారి విమల నన్ను బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరి ఊదే అంబు బ్యాగు మాస్కును ఒక చివర ఆనించింది. ఫోన్లో పరీక్ష పెట్టే వకుళ మేడమ్ కళ్లద్దాలు సవరించుకున్నారు.

"బిడ్డ కాళ్లకి ఊదుతున్నావేంటమ్మా?"

"తల ఇటేనండీ!"

"నాకెట్లా తెలుస్తుందమ్మా?"

అంతే, విమల చేతులు తడబడ్డాయి. మాస్కు పక్కకు జారింది. ఫెయిల్. పేరులోనే తల పెట్టుకుని, అది ఎటుందో చూపించలేని బతుకు నాది. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండోసారికి విమల స్కెచ్ పెన్నుతో నాకు కళ్లూ ముక్కూ నోరూ గీసింది. "నా తలగడకి ఊపిరి పోస్తావా ఏందమ్మాయ్" అని గొణుగుతూనే అత్తగారు ఫోను పట్టుకున్నారు.

"బిడ్డ పుట్టింది. ఏడవలేదు. మొదలుపెట్టు" అన్నారు మేడమ్.

విమల నన్ను తుడిచింది, వీపు రుద్దింది, తల కాస్త వెనక్కి వంచి మాస్కు బిగించింది. "ఊదు, రెండు, మూడు. ఊదు, రెండు, మూడు." అంతా సవ్యంగా సాగుతుండగా తెర మీద మేడమ్ కదలకుండా ఆగిపోయారు. నెట్ పోయింది.

"ఆపమ్మాయ్, ఆవిడకి కనపడట్లేదు" అన్నారు అత్తగారు. విమల ఆపలేదు. ఆమె చెమట నా మీద పడుతోంది. ఈ అవకాశమూ పోయినట్టేనా, రేపటినుంచి ఈ చేతులు చీటీలు రాయాల్సిందేనా అని నేను హడలిపోతున్నాను. మూడు నిమిషాలు అలాగే గడిచాయి.

మేడమ్ మళ్లీ కదిలారు. "నెట్ పోయింది కదమ్మా, ఇంకా ఎందుకు చేస్తున్నావు?"

"బిడ్డకి ఊపిరి వచ్చిందని మీరింకా చెప్పలేదు కదండీ" అంది విమల, చేతులు ఆపకుండానే.

మేడమ్ మార్కులు వేసే కాగితం పక్కన పెట్టారు.

"వచ్చిందమ్మా" అన్నారు. "బిడ్డ ఏడుస్తోంది."

నాకు ఏడవడం రాదు. ఆ పని విమలే చేసింది.