మోకాలి సైగ

మల్‌క్వీన్ పబ్బులో మా మూల బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు పట్టవు. మేం పట్టించేవాళ్లం. నాది కాన్సర్టీనా, రెండు చేతుల మధ్య సాగే చిన్న హార్మోనియం పెట్టె. దాన్ని సాగదీసినప్పుడల్లా ఫ్లూటు వాయించే ఫింటన్ పక్కటెముకలకు తగిలేది. అతను తిట్టేవాడు కాదు, జరిగేవాడూ కాదు. డప్పు వాయించే ఊనా గోడకు ఆనుకుని కూర్చునేది. నా ఎదురుగా ఫిడేలుతో మా తమ్ముడు కోనల్. మోకాలికి మోకాలు తగిలేంత ఇరుకు. జనానికి సగం మా వీపులే కనబడేవి. చూపు గ్లాసుల మీద, చెవులు మా మీద ఉండేవి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఒక బాణీ తర్వాత ఏ బాణీ వస్తుందో మాకు ముందుగా తెలిసేది కాదు. కోనల్‌కూ తెలిసేది కాదు. వాయిస్తుండగా వాడికేదో తోచేది, మోకాలితో నా మోకాలిని ఒక్క పోటు పొడిచేవాడు. నేను ఫింటన్‌ని, ఫింటన్ ఊనాని. ఆ హోరులో నోటితో చెప్తే ఎవడికి వినబడుతుంది? వాడు కొత్త బాణీ మొదటి రెండు స్వరాలు ఎత్తుకునేసరికి మిగిలిన ముగ్గురం సిద్ధంగా ఉండేవాళ్లం.

అలా మా క్లేర్ జిల్లాలో పబ్బులన్నీ అయ్యాయి. పెళ్లిళ్లయ్యాయి, రేడియో అయింది. డబ్లిన్ నుంచి రోనన్ అనే ఆయన వచ్చి, మా కచేరీలు ఇకమీదట తను కుదురుస్తానన్నాడు. కోనల్ పాల లారీ పని మానేశాడు, నేను బడి వంటగదిలో పని వదిలేశాను. బోస్టన్‌లో మా టికెట్ల కోసం వానలో వరుస కట్టారు. ఆశ్చర్యపోయానని అబద్ధమెందుకు చెప్పాలి? మేం బాగా వాయిస్తామని నాకెప్పుడో తెలుసు, ఊళ్లకే ఆలస్యంగా తెలిసింది.

అయితే రోనన్ మమ్మల్ని వేదిక మీద ఒక వరుసలో, జనానికి ఎదురుగా, దూరదూరంగా కూర్చోబెట్టాడు. టికెట్ కొన్నవాళ్లు ముఖాలు చూడాలంటారని ఆయన వాదన. ఫ్రాన్సులోని బ్రిటనీలో ఒక సాయంత్రం కోనల్ అలవాటుగా మోకాలు విసిరాడు. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. వాడు ఒక్కడూ కొత్త బాణీలోకి వెళ్లిపోయాడు, మేం ముగ్గురం పాతదాంట్లోనే ఉండిపోయాం. జనం అదేదో కొత్త పద్ధతి అనుకుని చప్పట్లు కొట్టారు. మేం కడుపు పట్టుకుని నవ్వాం. కోనల్ నవ్వలేదు.

మర్నాటి నుంచి రోనన్ బాణీల వరుస ఖాయం చేశాడు. మళ్లీ తప్పు రాలేదు. హాళ్లు పెద్దవయ్యాయి, కోనల్ మోకాలు మాత్రం కదలడం మానేసింది.

గ్లాస్గో వెళ్లే ఓడలో చిప్స్ తింటూ చెప్పాడు వాడు. "అక్కా, ఈ కచేరీ అయ్యాక నేను ఇంటికెళ్లిపోతా. లారీకి ఇంకా మనిషి దొరకలేదట."

"నీకేమైనా పిచ్చా? ఇప్పుడేగా మన టైమొచ్చింది."

"నేను వాయించట్లేదక్కా. అప్పజెప్తున్నా. బళ్లో ఎక్కాలు అప్పజెప్పేవాళ్లం చూడు, అలాగ."

నాకు ఒళ్లు మండింది. వాడన్నది నిజం కావడం వల్ల ఇంకా మండింది. భయం కూడా వేసింది. వాడి ఫిడేలు లేకుండా నేను ఏ ఊళ్లో వాయించినా అది నాకు సంగీతం కాదు.

గ్లాస్గో హాలు కిటకిటలాడుతోంది. మొదటి సగం చక్కగా అప్పజెప్పాం. విరామం తర్వాత వేదిక మీదికి వెళ్లగానే నా కుర్చీ ఎత్తి కోనల్ ముందు వేశాను. జనానికి వీపు పెట్టి కూర్చుని, వాడి మోకాళ్లు తగిలేదాకా ముందుకు లాక్కున్నాను. ఫింటన్ నన్నొకసారి చూశాడు, తన కుర్చీ ఈడ్చుకొచ్చాడు, పక్కటెముకలతో సహా. ఊనా తనదీ తెచ్చుకుని, ఆనుకోవడానికి గోడేదని సణిగింది. మైకుల కుర్రాడు పరుగులు పెట్టాడు. తెర పక్కన రోనన్ చేతులూపుతున్నాడని తర్వాత తెలిసింది. నేనటు చూడలేదు.

కోనల్ ఫిడేలెత్తి, రోనన్ ఖాయం చేసిన వరుసలో ఉన్న బాణీయే మొదలుపెట్టాడు. ఒక చుట్టు అయింది, రెండోదీ సగమైంది. నేను చేయగలిగింది చేశాను, ఇక వాడిష్టం అనుకున్నాను. అప్పుడు పడింది పోటు. మోకాలు కమిలిపోయేంత గట్టిగా పడింది. అదే జోరుతో నేను ఫింటన్‌ని పొడిచాను. మల్‌క్వీన్ వదిలాక మేం ముట్టుకోని బాణీ ఎత్తాడు వాడు. నలుగురం ఒక్కసారే అందులో పడ్డాం. నా వెనక హాలంతా కాళ్లతో నేలను కొట్టడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. వీపు పెట్టి కూర్చోవడంలో అదొక సుఖం.

అయిపోయాక రోనన్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఇంతమందికి వీపు చూపించావు డెర్వలా."

"క్లేర్ అంతా చూసిన వీపే. ఎవరైనా లేచి వెళ్లారా?"

ఆయన హాలు వైపు చెవి పెట్టాడు. చప్పట్లు ఇంకా ఆగలేదు. "రేపు ఎడిన్‌బరోలో కూడా ఇలాగేనా?" అన్నాడు.

నేను కోనల్ వైపు చూశాను. వాడు ఫిడేలు పెట్టెలో పెట్టి, మూత బిగించి, తీరిగ్గా తలెత్తాడు.

"ఒక బల్ల కూడా వేయించండి," అన్నాడు. "చిన్నది చూడండి. నాలుగు కుర్చీలు పట్టకూడదు."