ఒకటో నంబరు రోడ్డుకు అటూ ఇటూ

మా ఇంటి ముందు రోడ్డుకు నంబరు ఉంది. స్టేట్ హైవే ఒకటి. ఎన్ని నంబర్లు పెట్టుకుంటే నాకేం గానీ, దాన్ని నాలుగు వరసలు చేసి నడుమ డివైడర్ కట్టాక, అవతలి ఇంటి ఐలవ్వ నాకు పొరుగూరి మనిషైపోయింది.

మా ఇద్దరి మొగుళ్లూ ఒకే గనిలో, ఒకే షిఫ్టులో పనిచేసి పోయారు. అప్పటినుంచి మా ఆయన పేరు కొట్టించిన స్టీలు గిన్నె రోజూ రోడ్డు దాటేది. నా కూర అటు, ఆమె కూర ఇటు. ఖాళీ గిన్నె మాత్రం ఎన్నడూ తిప్పి పంపలేదు. ఏమీ లేకపోతే రెండు ఉల్లిగడ్డలైనా వేసేవాళ్లం.

డివైడర్ వచ్చాక గిన్నె ఆమె దగ్గరే ఉండిపోయింది. దాటడానికి ఊరికి మంచిర్యాల కొసన ఒకటి, కరీంనగర్ కొసన ఒకటి సందు వదిలారు. బొగ్గు లారీల పక్కన అంత దూరం కాళ్లు ఈడ్చుకుంటూ ఎవరు పోతారు? సెల్లు ఇద్దరికీ లేదు. ఎదురెదురు ఇళ్లకు సెల్లెందుకని నవ్వుకున్న పిచ్చిమొహాలం.

రోడ్డును ఇంకా వెడల్పు చేస్తున్నారని, ఆమె ఇల్లు దాని కింద పోతోందని, బెల్లంపల్లిలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోందని పాలు పోసే నర్సింగం చెప్పాడు.

"ఇయ్యాల్నే సామాను కడుతున్నరు సుసన్నవ్వా, జల్ది పో."

ఈ ఊళ్లో నాతో కూర్చుని తినే మనిషి ఐలవ్వ ఒక్కతే. చూడకుండా ఎట్లా పంపను? మక్క గారెలు చేసి మూట కట్టుకుని, మంచిర్యాల వైపు సందులో దాటి, ఆమె ఇంటికి చేరాను.

తలుపుకు తాళం.

ఆయాసంతో అరుగు మీద కూలబడి ఎదురుగా చూస్తే, మా ఇంటి ముందు సామానుతో ట్రాలీ ఆటో. మా తలుపు కొడుతూ ఐలవ్వ! బెల్లంపల్లి పోయే బండ్లు మా వైపు నుంచే కదా పోవాలి. కరీంనగర్ వైపు సందులో తిరిగొచ్చి, నన్ను చూసి పోదామని దిగినట్టుంది.

"ఐలవ్వా! ఈడున్న! ఆగు, వస్తున్న!"

లారీల మోతలో నా మాట నాకే వినబడలేదు. ఆటోవాడు హారన్ మీద హారన్ కొట్టాడు. వాడి చెయ్యి విరగ! ఐలవ్వ మా అరుగు మీద ఏదో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని ఆటో ఎక్కింది. నా వైపు చూడనేలేదు.

తిరిగి ఎట్లా నడిచానో తెలియదు. అరుగు మీద మా గిన్నె, మూత పెట్టి ఉంది. పొయ్యి పీకేసిన ఇంట్లో ఏం మిగిలి ఉంటుంది వెయ్యడానికి? తన ఇంటి తాళంచెవి వేసింది.

ఏడుస్తూనే చెవి తీసి, గిన్నె కడిగి, అలవాటుగా గారెలు అందులో సర్దాను. మూత పెట్టాక గుర్తొచ్చింది, పంపడానికి అవతల ఎవరూ లేరని.