రాజు తరవాత మొదటి గుక్క

మా రాణిగారిని ఇద్దరు రాజులు పెళ్ళాడారు. ఇద్దరిలో ఒక్కడూ ఆమెను సొంత పేరుతో పిలవలేదు.

ఆమె పేరు హవీస. సముద్రానికి దక్షిణపు ఒడ్డున వాళ్ళ అన్నగారి కోటలో మేమిద్దరం కలిసి పెరిగాం. ఆమె ప్రభువుల బిడ్డ, నేను వంటగది బిడ్డను, ఒదీలను. ఈ ద్వీపాన్నేలే ఓస్రిక్ రాజుకు ఆమెనిచ్చి చేసినప్పుడు పెట్టెలతో పాటు నన్నూ ఓడ ఎక్కించారు. చర్చి గుమ్మంలో రాజు ఆమెను ఎగాదిగా చూసి బిషప్పుతో అన్నాడు.

"హవీసా? అదేం పేరయ్యా, తుమ్మినట్టుంది! పోయిన నా పెళ్ళాం పేరు వుల్ఫ్రన్. నా నోటికి అలవాటైంది అదే. ఈ పిల్లక్కూడా అదే ఖాయం చెయ్యండి."

జనం గొల్లున నవ్వారు. భాష తెలియక ఆ పిచ్చిపిల్ల తనూ నవ్వింది. ఆ మాటకు అర్థం తెలిసిన నాడు నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ దేశంలో రాణికి కత్తి లేదు, కొలువులో నోరు లేదు. ఉన్నదల్లా గిన్నె. పండుగ విందులో తేనెకల్లు నింపిన వెండి గిన్నెను రెండు చేతులా పట్టుకుని ముందు రాజుకు అందిస్తుంది. రాజు తాగాక ఎవరికి అందిస్తే వాడే రాజు తరవాత రాజు. ఆ పైన మిగతా దొరల వరస. ఒకసారి చాచిన గిన్నెను అవతలివాడు అందుకునేదాకా ఆమె కింద పెట్టకూడదు, కూర్చోకూడదు. ఆమె వెనకాల కూజా పట్టుకుని నడిచేదాన్ని నేనే. యుద్ధాల్లో చేతులు పోగొట్టుకున్న మొనగాళ్ళు కూడా ఆమె పాదం ఎటు తిరుగుతుందోనని మెడలు చాచి చూసేవారు. హవీసకు అది బాగా నచ్చింది. నచ్చలేదని నేనెందుకు అబద్ధం చెప్పాలి?

కొడుకు పుట్టాడు, ఎడ్మర్. వాడికి ఊహ తెలిసేసరికి ఉత్తరాది ఓడలు వచ్చిపడ్డాయి. వాళ్ళ నాయకుడు ఐవింద్ ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టుకుంటూ వస్తుంటే, మా ఓస్రిక్ రాజు రాత్రికి రాత్రి పెళ్ళాం బిడ్డలతో బావమరిది ఇంటికి చేరాడు. అక్కడ దగ్గుతో మంచం పట్టి, ఆ అరువు మంచం మీదే పోయాడు.

అన్నగారి ఇంట్లో చెల్లెలి మర్యాద ఎన్నాళ్ళు? వదినగారు రొట్టె వడ్డిస్తూ, "రాజ్యాలు పోయినవాళ్ళకి ఆకలి ఎక్కువ కాబోలు," అనేది. ఎడ్మర్ ఆ మాట విని రొట్టె చేతిలో పట్టుకుని తినాలో వద్దో తెలియక తల్లి మొహం చూసేవాడు. అలాంటి రోజుల్లో ఐవింద్ దగ్గరనుంచి రాయబారం వచ్చింది. రాణి కావాలట. జనానికి వుల్ఫ్రన్ రాణి అలవాటైపోయిందట, పేరు కూడా మార్చక్కర్లేదట. పిల్లవాడు మాత్రం ద్వీపం మీద కాలు పెట్టకూడదట.

"నా మొగుణ్ణి తరిమినవాడి పక్కలోకి పొమ్మంటావా, అన్నయ్యా?"

"వాడు తరిమింది రాజుని, చెల్లాయ్. రాణిని రమ్మనే అంటున్నాడు కదా."

ఒడ్డున ఎడ్మర్ తల్లి గౌను పట్టుకుని వదల్లేదు. ఆమె ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాయనా, ఇక్కడుంటే మనకి మిగిలేది మీ అత్త పెట్టే పాచిరొట్టె. అక్కడికి పోతే ఆ గిన్నె మళ్ళీ నా చేతికొస్తుంది. రాజు తరవాత మొదటి గుక్క నీదే. నా మీద ఒట్టు."

"ఎప్పుడు?"

"నువ్వు పెద్దయ్యాక."

"తొందరగా పెద్దయిపోతాలే అమ్మా," అన్నాడు వాడు, గౌను వదిలేసి. ఓడలో ఆమె ఏడవలేదు. నేను ఏడ్చాను, ఇద్దరి వంతూ.

ఐవింద్ చెడ్డవాడైతే బాగుండేది. నవ్వేవాడు, చెయ్యెత్తేవాడు కాడు, ఆమె మాట వినేవాడు. ఉత్తరాన వాడికి మరో ఆడది, ఎదిగిన కొడుకు ఉన్నారని ఆమెకు తెలుసు. అయినా ప్రతి విందులోనూ రాజు తాగిన వెంటనే మా రాణి పక్కనున్న ఖాళీ బల్ల దగ్గరికి వెళ్ళి, గిన్నె పట్టుకుని కాసేపు నిలబడి, అప్పుడు గానీ దొరల వైపు తిరిగేది కాదు.

"ఎవరికే అది, దయ్యానికా?" అనేవాడు ఐవింద్.

"సముద్రం అవతల ఉన్న దయ్యానికి."

వాడు నవ్వి ఊరుకునేవాడు. అప్పటికింకా ఒంట్లో సత్తువ ఉంది కనక నవ్వాడు. తరవాత టోకి పుట్టాడు, ఎర్రజుట్టు, తండ్రి పోలిక. ఆ బల్ల మీద కూర్చోవాలని వాడు మారాం చేస్తే నేనే ఎత్తుకుని అవతలికి తీసుకుపోయేదాన్ని.

ఒక ఈస్టర్ విందుకు ముందు, పాత గాయం కుళ్ళి లేవలేని ఐవింద్ ఆమెను దగ్గరికి పిలిచాడు. దుప్పట్లు మారుస్తూ నేనక్కడే ఉన్నాను.

"ఇవాళ ఖాళీ బల్ల దగ్గర ఆగావంటే, దానిమీద నా ఉత్తరాది కొడుకుని కూర్చోబెడతాను. వాడు ముందు టోకి గొంతు కోస్తాడు. తరవాత సముద్రం దాటిపోయి నీ పెద్దాడి గొంతు కోస్తాడు. నా కొడుకు సంగతి నాకు తెలుసు. ఆలోచించుకో."

ఆరోజు, మోసుకొచ్చి కూర్చోబెట్టిన రాజు తాగాక, ఆమె ఆ బల్ల దాటి నడిచింది. గిన్నె టోకికి అందించింది. ఘాటుకు వాడు దగ్గి సగం మీద పోసుకుంటే సభంతా నవ్వింది.

తరవాత ఉండబట్టలేక అడిగేశాను. "ఒట్టు పెట్టారు కదమ్మా!"

"ఇద్దర్నీ బతికించుకున్నానే, ఒదీలా."

"ఆ సంగతి ఆ పిల్లాడికి ఎవరు చెప్తారు?"

"వాడు నా కొడుకు. వాడికే తెలుస్తుంది."

తెలియలేదు. ఎవరికైనా చెప్తేనే కదా తెలిసేది? ఐవింద్ పోయి టోకి సింహాసనం ఎక్కాడు, పాలించింది మాత్రం తల్లే. ఆమె గడప ముందు బిషప్పులు ఎండలో నిలబడేవారు. ఆమె ఊ అంటే ఊరు వెలిగేది, ఊహూఁ అంటే ఆరేది. అంత అధికారం ఉండీ ఎడ్మర్‌ను రప్పించలేకపోయింది. ఏటేటా కబురు పంపేది: "ఇప్పుడు రాజు నీ తమ్ముడే. రాజు తరవాత మొదటి గుక్క నీకే ఇస్తాను, రా నాయనా." ఏటేటా ఒకే జవాబు వచ్చేది: "నాకింకా దాహం వెయ్యలేదని చెప్పండి."

గడ్డమైనా సరిగా రాకుండానే టోకి జ్వరంతో పోయాడు. ఉత్తరాది కొడుకును పిలుద్దామని దొరల్లో సగం మంది గుసగుసలు మొదలెట్టారు. మా రాణి కొడుకును పాతిపెట్టిన చేతులు కడుక్కోకుండానే ఒక్కొక్కడి ఇంటికీ వెళ్ళింది. బతిమాలింది, బెదిరించింది, పెళ్ళిలో తనకు వచ్చిన ఊళ్ళు పంచిపెట్టింది. ఎడ్మర్‌నే రాజును చేసింది. ఈసారి వాడు వచ్చాడు.

అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అనలేదు. దిగినవాడికి గుండెల దాకా గడ్డం, తల్లిని చూసి తల మాత్రం ఊపాడు. వారం తిరక్కుండా ఒక దొర కూతుర్ని పెళ్ళాడాడు. ఆ అమ్మాయి పేరేమిటో మాకెవరికీ తెలియనివ్వలేదు. "ఇక్కడ రాణి అంటే వుల్ఫ్రనే కదా, అలాగే పిలవండి," అన్నాడు.

పట్టాభిషేకం విందులో గిన్నె మాత్రం తల్లినే తెమ్మన్నాడు. ఆమె పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. గిన్నెను తనే మూడుసార్లు తోమింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. వాడి ముందు నిలబడి రెండు చేతులూ చాచింది.

"నీదే, నాయనా. ఆలస్యమైంది."

ఎడ్మర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "వరస తప్పావమ్మా. ముందు నీ కొడుక్కి ఇవ్వు."

"టోకి పోయాడు నాయనా."

"అవును. ఆ రాజుగారికే ఇవ్వు."

ఆమె కింద పెట్టడానికి లేదు, కూర్చోడానికి లేదు. ముసలి మోచేతులు వణికి కల్లు వేళ్ళ మీదుగా కారుతోంది. ఒక్క దొరా లేవలేదు. ఊళ్ళు పుచ్చుకున్నవాళ్ళు కూడా పళ్ళెంలో మాంసం వైపే చూస్తున్నారు. ఆ ఖాళీ బల్ల సంగతి, ఐవింద్ అన్న మాట అరిచి చెప్దామని నేను నోరు తెరిచాను. ఆమె వెనక్కి తిరిగి కళ్ళతోనే నా నోరు మూయించింది.

తరవాత ఈ దేశంలో ఏ ఆడదీ చెయ్యని పని చేసింది. రాజుకంటే ముందు గిన్నె తన నోటికెత్తి, చివరి చుక్క దాకా తాగేసింది. వాడి ముందు దాన్ని బోర్లించింది.

"చూడు, ఎడ్మర్. ఖాళీ. నీకివ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు."

వాడు గిన్నె వైపే చూస్తున్నాడు. గొంతుక కదిలింది. నా కంటికి వాడు అప్పుడూ ఆ ఒడ్డునే నిలబడ్డ పిల్లాడిలా కనిపించాడు, జాలేసింది. ఆ జాలి మర్నాడు వాడు ఆమె దగ్గర ఖజానా తాళంచేతులు లాక్కుని మమ్మల్ని ఈ సన్యాసినుల మఠానికి తోలేదాకానే ఉంది.

ఇక్కడ బార్లీ గంజి, చలి, గంటలు. మొన్న కొత్త రాణి గుర్రం దిగి వచ్చింది. కడుపుతో ఉంది. గిన్నె పట్టే పద్ధతి చెప్పమని మా పెద్ద రాణిగారి కాళ్ళ దగ్గర కూర్చుంది. మా అమ్మగారు మట్టి చిప్పలో నీళ్ళు పోసి, ఎలా పట్టుకోవాలో, ఎలా అడుగెయ్యాలో, మొండి దొరల ముందు ఎంతసేపు ఆగాలో అంతా ఓపిగ్గా నేర్పింది. వెళ్ళబోతున్న పిల్లను గుమ్మంలో ఆపింది.

"నీ అసలు పేరేంటమ్మా?"

ఆ పిల్ల అటూ ఇటూ చూసి, "గోద," అంది మెల్లగా.

"గోదా, గిన్నె ఎవరికైనా ఇవ్వు. కడుపున పుట్టినవాడికి మాత్రం మాట ఇవ్వకు."