బొగ్గుబండి మొహం

హెబ్రోనుకు మతి చలించిందని వాళ్ళ పక్కింటి ఎస్తేరమ్మ చెప్పిందట. చేపల బుట్ట మా గుమ్మంలో దించుకుంటూ నాగులమ్మ ఆ మాట మోసుకొచ్చింది. "అరవై మూడేళ్ళ మొగోడు నూనెడబ్బాలు కత్తిరించి రైలింజను చేస్తా ఉండాడంట. ఎవురికంటే, కళ్ళు కనపడని పెళ్ళానికంట! మళ్ళా దానికి రంగులు గూడానంట!"

మతి మాట తప్ప మిగిలినదంతా నిజమే.

హెబ్రోను మైపాడులో పడవలకు రంగులు వేసేవాడు. భార్య జయశీల వెంకటాచలం దగ్గర రైలు పట్టాల గ్యాంగులో ఇరవై ఆరేళ్ళు చేసింది. సుత్తీ స్పానరూ భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచేది. ఓడరేవు నుంచి బొగ్గు తెచ్చే డీజిలింజను ఎదురైతే పక్కకు తప్పుకుని, అది దాటిపోయేదాకా దాని మొహమే చూస్తూ నిలబడేది. రిటైరయ్యాక షుగరు ఆమె చూపును కొంచెం కొంచెంగా తినేసింది. ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు.

ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ చెయ్యి ఆపేసింది.

"ఏమయ్యా, ఆ బండి మొహం గుర్తుకు రాలేదయ్యా. కూత గుర్తుండాది, వాసన గుర్తుండాది. మొహం పోయింది. రేపు నీదీ పోతాదేమో."

హెబ్రోనుకు ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడే వెంకటాచలం బస్సెక్కాడు. రైలు గేటు దగ్గర నిలబడి, వచ్చిన ఇంజనునల్లా ఫోనులో పట్టుకున్నాడు. తలుపులెన్ని, మెట్లెక్కడ, గాలి పోయే చీలికలెక్కడ, అన్నీ కాగితం మీద గీసుకున్నాడు. నూనెడబ్బా రేకు వంచి ఒళ్ళు చేశాడు. సైకిలు బ్రేకు వైరు విప్పి, ఒక్కో పోగుతో ఇంజను ఎక్కేటప్పుడు పట్టుకునే చేతిపట్టీలు అతికాడు. బియ్యపు గింజలో సగం ఉండే బందులు తలుపు తలుపుకీ పెట్టాడు. రెండు నెలలు పట్టింది. చివర్లో తనకు తెలిసిన పద్ధతిలో, ఉప్పునీళ్ళు చొరబడకుండా, పడవకు వేసినట్టే మూడు పూతలు దట్టంగా పట్టించి ఆమె ఒళ్ళో పెట్టాడు.

జయశీల వేళ్ళు ముందు నుంచి వెనక్కి పోయాయి. మళ్ళీ ముందుకు వచ్చాయి.

"నున్నగా ఉండాదే. తలుపులేవి? బందులేవి?"

"ఉండాయి మే. అన్నీ పెట్టినా."

"పెట్టి పూడ్చేసినావు. ఇది పడవయ్యా."

ఆయన బండిని తీసుకుపోయి థిన్నరులో ముంచాడు. పాత పళ్ళబ్రష్షుతో గీకితే ఒక్కో బందూ బయటపడింది. ఈసారి రంగును నీళ్ళలా పలచన చేసి రోజుకొక్క పూతే వేశాడు. సముద్రపు గాలికి ఇసుక వచ్చి అంటకుండా పూత పూతకీ పైన బేసిను బోర్లించాడు. ఆఖరున ఇస్త్రీపెట్టె బొగ్గు నూరి, పొడి కుంచెతో మెట్ల మీదా చీలికల్లోనూ అద్దాడు. బండిని చెక్కకు బిగించి, పక్కన పట్టాలు పరిచి, ఒక చిన్న మనిషిని నిలబెట్టాడు.

ఆ సాయంత్రం ఎస్తేరమ్మ చేపల పులుసు గిన్నె పట్టుకుని వచ్చింది. పులుసు వంకే, చూడ్డానికే వచ్చింది.

జయశీల వేళ్ళు మెట్టు ఎక్కాయి, చేతిపట్టీ పట్టుకున్నాయి, తలుపు తలుపుకీ ఆగాయి. ముందుభాగం దగ్గర చాలాసేపు ఉండిపోయాయి. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బొగ్గు" అంది. "వచ్చినావా నాయనా. వచ్చినావా."

ఎస్తేరమ్మ గిన్నె కింద పెట్టడం మరిచిపోయింది.

వేళ్ళు పక్కకు జరిగి చిన్న మనిషిని తాకాయి. "ఇదెవురు?"

"నువ్వేమే. నారింజ రంగు కోటు గూడా ఏసినా. రెండూ ఒక్కసారే నీ చేతికి అందాలని పక్కపక్కనే పెట్టినా."

జయశీల ఆ మనిషికీ పట్టాకీ నడుమ చిటికెనవేలు దూర్చి చూసింది. వేలు పట్టలేదు.

"బండొస్తా ఉంటే ఇంత దగ్గర నిలబడతారా ఎవురైనా? ఇరవై ఆరేళ్ళు బతికొచ్చినదాన్ని, ఇప్పుడు చంపతావా? జరుపు నన్ను."