టమోటా ఆటోలో తావు

మా ఆయనకి కొత్త జీతం పడిన రోజు మా ఇల్లు చావింటిలా అయిపోయింది.

ఫోను చూసుకున్నాడు, తలుపు గడియ వేశాడు, నన్ను పిలిచి చూపించాడు. తొంభై వేలు. అంతకుముందు కుప్పంలో కుప్పుస్వామి గారి ఇంటర్నెట్ సెంటర్లో పెళ్ళిపత్రికలు కొట్టి, జిరాక్సులు తీసి తొమ్మిది వేలు తెచ్చేవాడు. ఇప్పుడు బెంగళూరు కంపెనీకి, పుంగనూరు పక్కనున్న మా ఊళ్ళో ఇంట్లోనే కూర్చుని పనిచేస్తున్నాడు. వాళ్ళు ముందే చెప్పిన జీతమే వేశారు. అయినా నమ్మడే!

"అర్చనా, తొమ్మిది పక్కన సున్నా ఒగటి ఎక్కువ పడినట్టుండాది. ఎప్పుడైనా ఎనక్కి అడగతారు. ముట్టుకోవద్దు" అన్నాడు.

నెలలు గడిచినా ఆ సున్నాని ముట్టుకోలేదు. ఇంటి ఖర్చుకి పాత లెక్క ప్రకారం తొమ్మిది వేలే తీసేవాడు. కటకటమనే ఫ్యాను అలాగే కటకటమంటోంది. దాని కింద మా ఆయన కళ్ళు తెరుచుకుని పడుకుంటాడు. తొమ్మిది వేలప్పుడు చాప మీద ఒరిగితే తెల్లారేదాకా కదలని మనిషి. లక్ష్మీదేవి ముందు గుమ్మంలో అడుగుపెట్టి, నిద్రను దొడ్డిదారిన తరిమేసింది.

ఈయన ఒక ఎత్తు, మా అత్త చెంగమ్మ ఇంకో ఎత్తు. ఆమె గోవిందమ్మ మేస్త్రి గుంపులో టమోటా కాయలు కోసే కూలికి పోతుంది. కోడికూత వేళకి ఆటో వచ్చి ఎక్కించుకుపోయి సదుం పక్క తోటల్లో దింపుతుంది. కోసిన కాయలు మదనపల్లె మార్కెట్టుకి పోతాయి, వీళ్ళు ఇంటికి వస్తారు. ఆటోలో ఎవరి తావు వాళ్ళది. కొన్నాళ్ళు రాకపోతే మేస్త్రి ఆ తావు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మళ్ళీ గుంపులో చేరాలంటే ఎవరో ఒకరు మానుకునేదాకా కాచుకోవాలి. మా అత్తది డ్రైవరు వెనక, గాలి తగిలే తావు. అది దక్కేసరికి ఆమె జుట్టు సగం నెరిసింది.

"నేను కంప్యూటరు పని చేస్తాండా, నువ్వు బుట్ట మోస్తాండావు. జనాలు నా మొగాన ఉమ్మరా?" అని మా ఆయన.

"నీ పని పోతే ఆ జనాలు సంగటి పెడ్తారా? నా తావు పోతాది నాయనా" అని మా అత్త.

మా ఆయన అన్నం మానేశాడు. కన్నతల్లి కదా, ఒక్క పూటకే దిగివచ్చింది. మరునాడు ఆటో ఆమె లేకుండా పోయింది.

అప్పటి నుంచి ఆమెకి ఆకు వక్క పిచ్చి పట్టుకుంది. పొద్దున్నే నా ముందు చెయ్యి చాపేది: "ఆకు వక్కకి యాబై ఈమ్మా." రోజూ యాభై రూపాయల ఆకు మేక కూడా మెయ్యదు. పైగా ఆమె నోరు ఎర్రబడిందీ లేదు.

గుట్టు కొళాయి దగ్గర బయటపడింది. వీధి చివర ఉండే బయ్యమ్మా, మా అత్తా జుట్టు పట్టుకునేదాకా వచ్చారు. సంగతేమిటంటే, బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ వేసి సీటు ఆపుకున్నట్టు, మా అత్త తన తావులో బయ్యమ్మని కూర్చోబెట్టింది. పనిచేసిన కూలి ఎలాగూ బయ్యమ్మదే. మా అత్త అడిగిన రోజు లేచి తావు వదిలేందుకు రోజుకి ఆ ఆకు వక్క యాభై అదనం. ఇప్పుడు తుండుగుడ్డ ఎదురు తిరిగింది.

"కూసునేది నేను, కోసేది నేను. ఇంక తావు నాది. నీ యాబై నువ్వే పెట్టుకో" అంది బయ్యమ్మ.

మా అత్త ఇంటికొచ్చి గడపలో కూలబడి ఏడ్చింది. మామ పోయినప్పుడు కూడా నలుగురిలో కన్నీరు పెట్టని మనిషని చెప్తారు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. మా ఆయనకి మాత్రం కోపం వచ్చింది.

"కూలికి పోకుండా కూలి తావుకి బాడుగ కడ్తావా? ఎవురన్నా ఇంటే నవ్వరా?" అని చిందులు తొక్కుతుంటే మంచం మీది ఆయన ఫోను మోగింది. నేను తీసి స్పీకరు నొక్కాను. కుప్పుస్వామి గారు.

"నవీనూ, ఈ ఆదివారం పెందలాడే రాప్పా. ముహూర్తాలుండాయి, పత్రికలు శానా కొట్టాల. జీతం వద్దు, నా కుర్చీలో మటుకు ఎవుర్నీ పెట్టొద్దంటివని ఊరికే ఉండా. నువ్వు రాకుంటే ఇంగొగరు అడగతాండారు."

ప్రతి ఆదివారం కొత్త కోర్సు నేర్చుకోవాలని చెప్పి కుప్పం బస్సెక్కే మా ఆయన గోడ వైపు తిరిగాడు. నాకు ఒళ్ళు మండింది. మదనపల్లెకి పోయి ఒక ఫ్యాను తెచ్చుకుందామంటే కోర్సు ఉందన్న మనిషి, ఇన్ని ఆదివారాలు ఊరికే పత్రికలు కొట్టి వచ్చాడా?

"మీయమ్మ తుండుగుడ్డ ఏసింది. నువ్వే తుండుగుడ్డ అయిపోయినావు కదప్పా!" అన్నాను.

మా అత్త నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని కొడుకు దగ్గరికి వెళ్ళింది.

"నీగ్గూడా భయమేనా నాయనా?"

"భయమేమ్మా. ఆ సున్నా ఎప్పుడు పోతాదో అని నిద్ర పట్టదు. పోతే నేను యాడికి పోవాల?"

అంత జీతం తెచ్చే మగవాడు పసిబిడ్డలా అంటుంటే నా కోపం సగం చచ్చింది. మిగతా సగం ఫ్యాను కోసం దాచుకున్నాను.

ఆ ఆదివారం మా ఆయన కుప్పం పోలేదు. తెల్లారకముందే పోయి గోవిందమ్మ ఆటోకి అడ్డంగా నిలబడ్డాడు. వెనక నేనూ, మా అత్తా.

"అక్కా, మాయమ్మ తావు మాయమ్మకి ఇచ్చేయ్."

గోవిందమ్మ దిగకుండానే జవాబిచ్చింది. "తావు వచ్చేటోళ్ళదప్పా, మనిషిని పెట్టేటోళ్ళది కాదు. వారానికి రెండు దినాలు మీయమ్మను రమ్మను. ఆ దినాలు తావు ఆమెది, మిగతా దినాలు బయ్యమ్మది."

బయ్యమ్మ మూతి తిప్పింది కానీ జరిగింది. మా అత్త ఎక్కి, తన గాలిలో తాను కూర్చుంది. ఆటో కదలబోతుంటే మళ్ళీ నోరు తెరిచింది.

"గోవిందమ్మా, వీని పని పోతే మన గుంపులో ఒగ తావిస్తావా?"

ఆటోలో ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. గోవిందమ్మ నవ్వకుండా మా ఆయన చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఈ చేతుల్తో కోస్తే కాయ కాస్తా చట్నీ అయితాది. బండికి బాక్సులు ఎత్తేదానికైతే పెట్టుకుంటా."

"కూలి ఎంతక్కా?" అన్నాడు మా ఆయన. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు.

"ఐదు నూర్లు."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇంటికొచ్చి, సంగటి తిని, చాప మీద ఒరిగి, పట్టపగలు ఫ్యానుతో పోటీపడి గురక పెట్టాడు. మధ్యాహ్నం లేచి, "పా, మదనపల్లెకి పోయి ఫ్యాను తెద్దాం" అన్నాడు. ఆ సున్నాని మొదటిసారి ముట్టుకున్నాడు.

మేము ఫ్యాను పెట్టెతో తిరిగొచ్చేసరికి మా అత్త వాకిట్లో కాళ్ళు కడుక్కుంటోంది. పొద్దుటి నుంచి మనసులో గుచ్చుకుంటున్న మాట అడిగేశాను.

"అత్తా, నీకు తావు దొరికె, నీ కొడుక్కీ దొరికె. నా పేరు మటుకు అడగకపోతివే?"

ఆమె చెంబు పట్టుకుని నన్ను వింతగా చూసింది.

"నీకు యాలమ్మా? మా ఇద్దరికీ వొండిపెట్టి, మా పిచ్చికి కాపలా కాసే పని నీది. నీ తావు యాడికి పోతాది?"

నిజమే. ఇన్నేళ్ళలో నా తావుకి తుండుగుడ్డ వేసినవాళ్ళు ఒక్కరూ లేరు.