మీసానికీ బాల్కనీకీ పందెం

ఫ్లోరియో దొర పెట్టిన కార్ల పందెం జరిగే రోజున మా ఊళ్ళో అన్నిటికంటే విలువైన ఆస్తి లిబోరియా అత్త బాల్కనీ. చెర్దా ఊళ్ళో బయలుదేరిన కార్లు కొండలు చుట్టుకుంటూ వచ్చి మా వీధిలో మలుపు తిరుగుతాయి. ఆ మలుపుకు సరిగ్గా పైనే ఉంటుంది ఆ బాల్కనీ. అక్కడ కూర్చున్నవాళ్ళకు కారు రావడమూ కనిపిస్తుంది, తిరుగుతూ వెనక భాగం జారడమూ కనిపిస్తుంది. మిగతావాళ్ళం గోడలెక్కాల్సిందే.

రొట్టెలు కాల్చే ఎపిఫానియో బావకు ఆ బాల్కనీ మీద ఎప్పటినుంచో కన్ను. నేను మంగలిని. నా కొట్టు అత్త ఇంటి ఎదురుగానే. ఆ ఏడు పందెం ముందు బావ నా కుర్చీలో కూర్చుని మీసం కొసలు దిద్దించుకుంటూ, మందులకొట్టు ఆయన కూతురు నిన్ఫా గురించి మొదలుపెట్టాడు. నిన్ఫా, వాళ్ళన్న కలిసి ఒక చిన్న పసుపు కారుతో పందేనికి పేరిచ్చారని అప్పటికే ఊరంతా తెలిసిపోయింది.

"మందులు పొట్లాలు కట్టుకునే పిల్ల. పది చుట్లు ఆ రాక్షసి బండ్ల మధ్య తిరుగుతుందట. రెండో చుట్టుకే ఏ పొలంలోనో బఠాణీలు ఏరుకుంటూ ఉంటుంది చూడు."

వీధి అవతల గుమ్మంలో చిక్కుడుగింజలు వలుస్తున్న లిబోరియా అత్త తలెత్తింది.

"మా తాత కూడా ఇట్లాగే కూశాడురా. మొట్టమొదటి పందెమప్పుడు నాకు ఆరేళ్ళు. ఆ పొగబండ్లు ఈ కొండ ఎక్కితే నా పొట్టేలు ఇస్తానని పాదిరీతో పందెం కాశాడు. ఎక్కాయి. పాదిరీ ఇంట్లో వండిన ఆ కూర వాసన వీధంతా కొట్టింది. మాకు ఒక్క ముక్క పెట్టలేదు."

"మరి మీ ఆయనో?" అన్నాను నేను, ఆ కథ తెలిసి కూడా.

"ఆయన సంగతి చెప్పకు. ఏటేటా కాసేవాడు, ఏటేటా ఓడేవాడు. ఒక ఏడు ఎర్ర కారు గెలుస్తుందని కాశాడు. తీరా చూస్తే వచ్చినవన్నీ ఎర్రవే. తనది ఏదో తెలియక అన్నిటికీ చప్పట్లు కొట్టి, చేతులు వాచి ఇంటికొచ్చాడు."

బావ నవ్వాడు. "అయితే నువ్వూ కాయి అత్తా. నిన్ఫా పందెం పూర్తి చేస్తే నా మీసం తీయించేసుకుంటా. చెయ్యకపోతే వచ్చే ఏడు బాల్కనీ నాది."

ఆ మీసం పటాలంలో ఉన్నప్పుడు పెంచింది. పెళ్ళిలోనూ ఉంది, ఆరుగురు పిల్లల జ్ఞానస్నానాల్లోనూ ఉంది. అత్త గింజల పళ్ళెం పక్కన పెట్టి, ఒళ్ళో పొట్టు దులుపుకుంది.

"రోసోలినో, కత్తి నూరి పెట్టుకో" అంది నాతో.

పందెం నాడు తెల్లారేసరికి మలుపులో గడ్డిమోపులు పేర్చారు. కోళ్ళను గదుల్లో వేసి తలుపులు బిగించారు. పెద్ద కార్లు ఊరును అదరగొడుతూ పోయాయి. చాలాసేపటికి, పెద్ద గొర్రెల వెనక పడిన పిల్లలా, పసుపు కారు వచ్చింది. ఊరంతా లేచి నిలబడింది. ఒక చుట్టు అన్న, ఒక చుట్టు చెల్లెలు. రెండో చుట్టు దాటింది, మూడోదీ దాటింది. బావ గోడ మీద కూర్చుని మీసం తడుముకుంటున్నాడు.

ఆరో చుట్టులో నిన్ఫా తొందరపడింది. మలుపులోకి మరీ వేగంగా వచ్చి గడ్డిమోపుల్లోకి దూసుకుపోయింది. కారు ముందుభాగం సొట్టపోయింది, ఇంజను ఆగిపోయింది. పిల్లకు దెబ్బేమీ తగల్లేదు. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఇంజను దగ్గి ఊరుకుంటోంది. మలుపులో కాపలా ఉన్న పందెంవాళ్ళ మనిషి వెనక వచ్చేవాళ్ళకు పసుపు జెండా ఊపడం మొదలుపెట్టాడు.

నలుగురు కుర్రాళ్ళు తోయడానికి గోడ మీంచి దూకారు. అంతలో పైనుంచి వాళ్ళ నెత్తిన బిందెడు నీళ్ళు పడ్డాయి.

"ముట్టుకున్నారో, పిల్లని పందెంలోంచి తీసేస్తారు" అని అరిచింది లిబోరియా అత్త, ఖాళీ బిందె పట్టుకుని. "తోస్తే అదే తొయ్యాలి. చుట్టూ నిలబడండి, చేతులు మాత్రం కట్టుకోండి."

నిన్ఫా దిగి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, భుజం తలుపుకు ఆనించి తోసింది. అక్కడినుంచి వీధి కుళాయి దాకా కాస్త ఎత్తు, ఆ తర్వాత అంతా వాలు. కారు జానెడు కదిలి ఆగింది. మళ్ళీ జానెడు. పిల్ల మొహం కందిపోయింది.

అప్పుడు గోడ దిగాడు ఎపిఫానియో బావ. అతను కారు మీద ఒక్క వేలు వేస్తే చాలు, పందెం అతనిదే. కానీ బావ రెండు చేతులూ వీపు వెనక గట్టిగా పట్టుకుని కారు పక్కనే వంగి నడవసాగాడు.

"చేతుల్తో కాదు తల్లీ, నడుంతో. పిండి పిసికేటప్పుడు చేతుల్తో తోస్తే మధ్యాహ్నానికే చస్తాం. మోకాలు వంచు. ఆఁ, ఇప్పుడు ఒళ్ళంతా వెయ్యి. ఊపిరి వదుల్తూ తొయ్యి."

"బావా, నీ మీసం" అన్నాను.

"నోర్ముయ్యరా మంగలోడా. తల్లీ, వాణ్ణి పట్టించుకోకు. ఇంకొక్క తోపు."

ఊరంతా అతనితోపాటు వంగింది. ముసలివాళ్ళు కూడా గాలినే తోశారు. కారు కుళాయి దాటింది, వాలు అందుకుంది. నిన్ఫా పరుగెత్తి లోపలికి దూకింది. వీధి చివర ఇంజను ఒకసారి తుమ్మి, రెండోసారి తుమ్మి, అంటుకుంది. బావ టోపీ విసిరేశాడు. అది ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

చివరి చుట్టులో ఆ కారు ముందు దీపం ఒకటి వేలాడేసుకుని మా ముందునుంచి పోయింది. తర్వాత చెర్దా కబురు కోసం అందరం మందులకొట్టు దగ్గర చేరాం, టెలిఫోను ఉన్నది అక్కడే. నిన్ఫా తండ్రి బయటికి వచ్చాడు. రెండు చేతులూ ఎత్తి, పది చుట్లకూ పది వేళ్ళూ చూపించాడు.

నేను పిలవకుండానే బావ వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. కొట్టు బయట కిటికీ నిండా మొహాలు. కత్తి పని అయ్యాక బావ భార్య క్రోచిఫిస్సా అక్క లోపలికి వచ్చి, గడ్డం పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"దేవుడా. ఇన్నేళ్ళూ మా అత్తగారి పక్కన పడుకున్నానా" అంది.

బావ అద్దంలో చూసుకున్నాడు. నిజంగానే వాళ్ళమ్మే. ముందు నవ్వింది అతనే. కుర్చీ ఊగిపోయేంతగా నవ్వాడు.

పొద్దు వాలక ముందే నిన్ఫా, వాళ్ళన్న ఊళ్ళోకి వచ్చారు. వీధి పొడుగునా బల్లలు వేశారు. సార్డీను చేపలు కలిపిన పాస్తా, నిప్పుల మీద కాల్చిన ఆర్టిచోక్ మొగ్గలు, బావ పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెలు. నిన్ఫా రెండు పళ్ళేలు తిని, మూడోది అడుగుతూ లిబోరియా అత్త భుజం మీదే నిద్రపోయింది. అత్త ఆ భుజం కదలకుండా ఎడమ చేత్తో ద్రాక్షసారా తాగింది.

మర్నాడు పాలెర్మో పట్నంనుంచి వచ్చిన ఒక బట్టల వ్యాపారి గడ్డం చేయించుకుంటూ, పందెంలో మొదట వచ్చింది ఎవరని అడిగాడు. నేను కత్తి ఆపి ఆలోచించాను. వీధిలోకి తొంగిచూసి ఎపిఫానియో బావను అడిగాను. అతనికీ తెలియదు.