పెర్దికా నీడ

పడవ అద్దెకు తీసుకున్న డచ్చివాళ్ళు రావడం లేదన్న కబురు వచ్చేసరికి అర్గిరో దిండ్లకు గలేబులు తొడుగుతోంది.

పెర్దికా అనే ఆ తెరచాప పడవ ముందు గదిలో ముక్కోణపు పరుపు మీద మోకాళ్ళు మడిచి కూర్చుని, దిండు కొసను పళ్ళ మధ్య పట్టుకుని, గలేబును పైకి లాగుతోంది. అంతలో డెక్కు మీద నోమికోస్ బాబాయి చెప్పుల చప్పుడు వినిపించింది. నడకను బట్టి ఆయన మనసు చెప్పగలదు ఆమె. ఎవరితోనో తగాదా పడ్డాడా, ఏదైనా పంపు చెడిందా, కాఫీ అడగడానికి వచ్చాడా అని. ఇవాళ్టి నడక వీటిలో ఏ రకమూ కాదు.

పైకప్పు కిటికీలోంచి ఆయన తల లోపలికి వంగింది.

"వాళ్ళు రావట్లేదే. పెద్దాయనకి నడుం పట్టేసిందట, మంచం దిగలేకపోతున్నాడట."

అర్గిరో నోట్లోంచి దిండు వదిలింది. "అయితే ఇవన్నీ విప్పెయ్యనా?"

"విప్పొద్దు. నువ్వే పడుకో వాటి మీద. నువ్వూ, మా కొండల్లుడూ. చలికాలానికని శనివారం క్రేను దీన్ని ఒడ్డుకెత్తేదాకా పడవ ఖాళీయే కదా. తీసుకుపో."

ఆమె దిండు ఒళ్ళో పెట్టుకుంది. లేరోస్ ద్వీపంలో, లక్కి మరీనా అనే పడవల రేవులో, బాబాయి పడవలను అద్దెకిచ్చే ఆఫీసులో ఆమె చదువు అయినప్పటినుంచీ పనిచేస్తోంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళకు పరుపులు పరిచింది, మంచినీళ్ళ ట్యాంకులు నింపింది, చేతులూపి సాగనంపింది. వాళ్ళు వారం తర్వాత ముక్కులు ఎర్రబడి, మాటలు తగ్గి, ఏదో పెద్ద విషయం చూసి వచ్చినవాళ్ళలా తిరిగొచ్చేవారు. ఆమె మాత్రం చిరిగిన తెరచాపా, పూడిపోయిన మరుగుదొడ్డీ ఎక్కడున్నాయా అని వెతుక్కునేది. సరంగు పరీక్ష పాసై రెండేళ్ళయింది. అయినా అతిథుల్ని ఎక్కించి పంపేటప్పుడు బాబాయి పిలిచేది మాత్రం ఎప్పుడూ ఆ నెరసిన గడ్డాల సరంగులనే.

"ఒక మాట," అన్నాడు ఆయన, ఆమె మనసులోకి తొంగి చూసినట్టు. "వేరే ఏదైనా రేవుకి పోయి కట్టి రావాలి. అల్లుడు తాళ్ళు అందించొచ్చు. చుక్కాని నీది, నిర్ణయం నీది. సరిగ్గా కట్టావా, మే నెల నుంచి అతిథుల్ని తీసుకెళ్ళేది నువ్వే. కట్టలేకపోయావా, ఆఫీసు కుర్చీ ఎటూ పోదు."

"నువ్వు రాకుండా నీకెలా తెలుస్తుంది?"

"నేను పుట్టింది ఈ సముద్రంలోనేగా. తెలుస్తుందిలే."

ఆ సాయంత్రం ఆమె బాబాయి చేత పని పూర్తిగా చేయించింది. బయటివాళ్ళకు ఎలా అప్పగిస్తారో అలాగే అప్పగించమంది. ఆయన విసుక్కుంటూనే ఇంజను గది తెరిచి చూపించాడు, గ్యాసు ఎక్కడ ఆపాలో చెప్పాడు, మరుగుదొడ్డిలో ఏమేం వేయకూడదో చెప్పాడు. ఇన్నాళ్ళూ అతిథులకు ఆ ముక్క చెప్పేటప్పుడు సిగ్గుపడింది ఆమె. ఇప్పుడు ఆయన సిగ్గుపడుతుంటే చూసి మురిసిపోయింది. అద్దె కాగితం మీద సరంగు పేరు రాసే గీత ఉంటుంది. దాని మీద వందల పేర్లు టైపు చేసిన చెయ్యి, ఈసారి కలం పట్టుకుని తన పేరే రాసింది.

ఆమె భర్త వాయోస్ బడి నుంచి సంచీడు జామపండ్లతో వచ్చాడు. అక్టోబరులో లేరోస్‌లో లెక్కల మాస్టారికి జామపండ్లు కొనుక్కునే అవసరం ఉండదు, పిల్లల తల్లులు పంపిస్తూనే ఉంటారు. పెళ్ళయి మూడు వారాలు కావస్తున్నా అతను ఉంగరాన్ని ఇంకా బొటనవేలితో తిప్పుతూనే ఉంటాడు. అతనిది ఉత్తరాన కొండల్లోని ఊరు. అక్కడ నీళ్ళంటే మోకాలి లోతు వాగు.

"మనం పడవ అద్దెకు తీసుకున్నాం మాస్టారూ," అంది అర్గిరో. "రేపు జాతీయ పండుగ, నీకెలాగూ సెలవు. ఎల్లుండికి సెలవు అడగమన్నాను కదా, దొరికిందా?"

"కొత్త పెళ్ళికొడుకువి, వచ్చినా లెక్కలు తప్పు చెప్తావని హెడ్మాస్టరు వదిలేశాడు." అతను పెర్దికా కేసి చూశాడు. "ఇది మునగదు కదా?"

"నేను నడుపుతున్నాను."

"అందుకే అడుగుతున్నా."

పొద్దున్నే బయల్దేరారు. మరీనాలో పడవ విప్పడం సులువు. వెనక రెండు తాళ్ళు గట్టు మీది ఇనుప కడియాలకు కట్టి ఉంటాయి. ముందు వైపు ఒక లావుపాటి తాడు సముద్రం అడుగున ఉన్న బరువుకు ముందే కట్టి ఉంటుంది. వచ్చినప్పుడు దాన్ని కొక్కెంతో అందుకుని ముక్కుకు బిగిస్తే సరి, వెళ్ళేటప్పుడు వదిలేస్తే సరి. ఆ పని ఆమె నిద్రలోనైనా చేస్తుంది. ఇటాలియన్లు ఎప్పుడో కట్టి వదిలేసిన వెడల్పాటి వీధులూ, గుండ్రటి మూలల మేడలూ మెల్లగా వెనక్కి జరిగాయి. అఖాతం మూతి దాటాక ఉత్తరానికి తిప్పి, తెరచాప ఎత్తి, ఇంజను ఆపింది.

అప్పుడు తెలిసింది ఆమెకు, ఇంతకాలం ఈ పడవను సగమే ఎరుగుదునని. పంపు చప్పుడు తెలుసు, సబ్బు వాసన తెలుసు, ఏ అలమర తలుపు ఎక్కడ పట్టేస్తుందో తెలుసు. కానీ పెర్దికా ఊపిరి తీస్తుందని తెలియదు. గాలి తగిలిన ప్రతిసారీ కొంచెం ఒరిగి, నిండుగా లేచి, ముందుకు వెళ్తోంది. చుక్కానిలోంచి ఆ కదలిక ఆమె అరచేతుల్లోకి, అక్కడి నుంచి మోచేతుల దాకా వస్తోంది. చేతిలో ఏదో ప్రాణమున్నది కూర్చున్నట్టు ఉంది. గట్టిగా మాట్లాడితే ఉలిక్కిపడుతుందేమో అనిపించి ఊరుకుంది.

వాయోస్ కాసేపు ఒక తాడును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఆ తాడు దేనికీ కట్టి లేదని ఆమె చెప్పలేదు. కొంతసేపటికి ధైర్యం తెచ్చుకుని, పాకుతూ ముందుకు వెళ్ళి, ముక్కు దగ్గర బోర్లా పడుకున్నాడు. అర్ఖాంగెలోస్ లంక పక్క నుంచి వెళ్తున్నారు. అక్కడ లోతు తక్కువ, అడుగంతా తెల్లటి ఇసుక.

"అర్గిరో," అని మెల్లగా పిలిచాడు. "కింద ఇంకో పడవ వెళ్తోంది."

"ఎక్కడ?"

"మన కిందే. ఇసుక మీద. దాని మీద నేను కూడా ఉన్నాను. చెయ్యి ఊపితే ఊపుతున్నాడు."

చుక్కాని వదిలి వెళ్ళి చూడలేకపోయింది ఆమె. ముందు రాళ్ళున్నాయి. "ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది.

అతను తల ఇంకా కిందికి వంచాడు. తర్వాత అన్నాడు, "మధ్యలో నీళ్ళున్నాయని తెలియట్లేదు. మనం గాల్లో పోతున్నాం."

లిప్సి ద్వీపం రేవుకు మధ్యాహ్నం దాటాక చేరారు. గట్టు వెంట నాలుగైదు తెరచాప పడవలు వెనక వైపు గట్టుకు తిప్పి వరసగా కట్టి ఉన్నాయి. వాటి పక్కన ఒక పెద్దావిడ పసుపుపచ్చ వల ఒళ్ళో వేసుకుని చిక్కులు తీస్తోంది. కాఫీ అంగడి ముందు జాలర్లు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. బాబాయి చూడకపోయినా చూసేవాళ్ళకు ఇక్కడ కొదవ లేదు. అర్గిరో మే నెల తలుచుకుంది. పడవను వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న చోటుకు సూదిలోకి దారం ఎక్కించినట్టు తెచ్చింది. వాయోస్ విసిరిన తాళ్ళను పెద్దావిడే లేచి అందుకుని కడియాలకు చుట్టింది. ఎవరో "భలే" అన్నారు. అర్గిరోకు ఒళ్ళు పులకరించింది.

"ఇప్పుడు ముందుకెళ్ళి తాడందుకో," అంది మొగుడితో.

వాయోస్ కొక్కెం పట్టుకుని ముందుకు పరిగెత్తాడు. ఇటు వంగాడు, అటు వంగాడు.

"తాడు లేదు."

"ఉంటుంది. ఎడమ పక్క చూడు."

"నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. తాడు లేదు."

"మీ ఆయన ఏ తాడు వెతుకుతున్నాడమ్మా?" అంది వల పెద్దావిడ.

"ముక్కుకు కట్టే తాడండీ."

పెద్దావిడ పడవ ముక్కు వైపు చూసింది. అక్కడ లంగరు, నిన్న అర్గిరో స్వయంగా తుడిచి మెరిపించిన లంగరు, పొడిగా వేలాడుతోంది. "మరి అది ఎందుకమ్మా? ముక్కుపుడకా?"

కాఫీ అంగడి నుంచి నవ్వులు లేచాయి. అర్గిరోకు చెవుల దాకా వేడెక్కింది. ఇది మరీనా కాదు. ఇక్కడ అడుగున ఏ బరువూ లేదు, ఏ తాడూ లేదు. ముందే దూరంగా లంగరు దించుకుని, దాని గొలుసు వదులుతూ వెనక్కి రావాలి. పరీక్షలో మొదటి ప్రశ్న అదే. సిద్ధంగా కట్టి ఉన్న తాళ్ళు అందుకుని అందుకుని, సముద్రానికి తాళ్ళు పుడతాయని చేతులు అనుకున్నాయి.

"లక్కి మరీనా పిల్లవా?"

"అవునండీ."

"నోమికోస్ మనిషివా?"

కాదని చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. "ఆయన అన్న కూతుర్ని."

"అనుకున్నా. నా పేరు సెవాస్తి అని చెప్పు, ఎరుగును." ఆవిడ తాళ్ళు విప్పి వెనక్కి విసిరింది. "ముక్కు పక్క పడవ మీదికి వాలుతోంది, చూసుకో. పోయి మళ్ళీ రా. మేమెక్కడికీ పోం."

బయటికి వస్తుంటే వాయోస్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "వెనక్కి మాత్రం తిన్నగా వచ్చావు."

"ఇప్పుడు ఓదార్చకు, ఏడుస్తాను. ముందుకెళ్ళి నిలబడు. నేను దించమన్నప్పుడు బటన్ నొక్కు, ఆపమనేదాకా నొక్కుతూనే ఉండు."

గట్టుకు ఎదురుగా, చాలినంత దూరంలో, అడుగున నల్లటి గడ్డి మధ్య తెల్లటి ఇసుక కనబడిన చోట పడవను నిలిపింది. దించమంది. గొలుసు గలగలమంటూ జారింది, అర్గిరో పక్కకి వంగి చూసింది. లంగరు తనతోపాటు వెండి బుడగల గుత్తి ఒకటి పట్టుకుని కిందికి దిగింది. దిగుతూనే ఉంది, చిన్నదవుతూనే ఉంది, అయినా ప్రతి వంపూ కనిపిస్తూనే ఉంది. అడుగున వాలగానే జల్లెడ కింద పిండి లేచినట్టు ఇసుక లేచింది, మెల్లగా సర్దుకుంది. కడియం వెంట కడియం గొలుసు దాని వెనకే వెళ్ళి పడుకుంటోంది. అంత లోతున జరిగేది ఇంత దగ్గరగా చూడనిస్తారా ఎవరైనా అనిపించింది అర్గిరోకు. భయం ఎటు పోయిందో తెలియలేదు.

"చూసింది చాలు, వెనక్కి రా," అని సెవాస్తి గట్టు మీంచి కేకేసింది.

వచ్చింది. గొలుసు అటూ ఇటూ ఉన్న రెండు పడవల గొలుసుల మధ్య పాపిడి తీసినట్టు తిన్నగా పడింది. తాళ్ళు కట్టారు, ముందు గొలుసు బిగించారు. పెర్దికా కొంచెం గునిసి, కుదురుకుంది. ఈసారి ఎవరూ భలే అనలేదు. సెవాస్తి ఒళ్ళోని వలలోకి తల వంచుకుంది.

నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. లంగరు సరిగ్గా దిగిందో లేదో చూసుకోవాలి కాబట్టి అర్గిరో నీళ్ళలో చూసే కళ్ళద్దాల తొడుగు పెట్టుకుని దూకింది. గొలుసు వెంట ఈదుకుంటూ వెళ్ళింది. లంగరు ముక్కు ఇసుకలో పూర్తిగా కూరుకుపోయి ఉంది. పైకి చేతికర్ర లాంటి మెడ మాత్రమే కనబడుతోంది. ఇంత చిన్న ఇనుప ముక్క, ఇంత పెద్ద పడవను పట్టుకుని నిలబడింది. వెనక్కి తిరిగి చూసింది.

పెర్దికా పొట్ట పైన వేలాడుతోంది. దాని చుట్టూ వెలుగు గీతలు వలలా అల్లుకుని జారుతున్నాయి. కింద ఇసుక మీద దాని నీడ, పెద్దది, మెత్తనిది, కదలీ కదలనట్టు ఊగుతోంది. పడవకూ నీడకూ మధ్య తనొక్కతే ఉంది. ఊపిరి పట్టలేక పైకి వచ్చేయాల్సి వచ్చింది గానీ, ఇంకొంచెం ఊపిరి ఉంటే బాగుండునని ఎన్నడూ ఇంతగా అనుకోలేదు.

వాయోస్ పడవ వెనక మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టాడు. అంతకంటే లోపలికి దిగే ఉద్దేశం అతనికి లేదు. ఆమె తొడుగు తీసి అతనికి పెట్టింది. మెట్టు గట్టిగా పట్టుకుని అతను మొహం నీళ్ళలో ముంచాడు. చాలాసేపటికి ఎత్తాడు.

"ఇదంతా రోజూ ఇక్కడే ఉంటుందా?" అన్నాడు.

"ఉంటుంది."

"నేను బళ్ళో కూర్చుని భిన్నాలు చెప్తున్నప్పుడు కూడానా?"

ఆమె నవ్వింది. తడి చేత్తో అతని ముక్కు గిల్లింది. ఇద్దరూ పడవ నుంచి గట్టుకు వేసిన పలక మీద కూర్చుని జామపండ్లు కొరుక్కు తిన్నారు. గింజలు నీళ్ళలోకి ఊస్తే చిన్న చేపలు పోటీపడ్డాయి. లోపల ముందు గదిలో తను తొడిగిన గలేబులే తన కోసం ఎదురు చూస్తున్నాయని గుర్తొచ్చి అర్గిరోకు మళ్ళీ నవ్వొచ్చింది.

చర్చి గంట మోగుతుంటే ఫోను మోగింది.

"సెవాస్తి ఇప్పటికి రెండుసార్లు ఫోను చేసింది," అన్నాడు నోమికోస్.

అర్గిరో చేతిలోని జామపండు పక్కన పెట్టింది. "మొదటిసారి ఏమంది?"

"నీ పిల్ల ముక్కుపుడకతో వచ్చింది అంది."

"రెండోసారి?"

"గొలుసు తిన్నగా పడింది, రాత్రి గాలి తిరిగినా ఎవరినీ లేపక్కర్లేదు అంది." ఆయన గొంతు తగ్గించాడు. "నా మొదటి పడవని నేను పాట్మోస్‌లో అలాగే కట్టాను. లంగరు లేకుండా. యాత్రికుల ఓడ దిగి జనమంతా చూస్తుండగా. మీ నాన్న బతికున్నంత కాలం ప్రతి ఈస్టర్‌కీ అది చెప్పి నవ్వేవాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నీకు చెప్పొద్దని నేనే బతిమాలుకున్నా."

అర్గిరో ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "బాబాయ్, మరి మే నెల?"

"మేలో బెల్జియం వాళ్ళొస్తున్నారు. సరంగు పేరు దగ్గర నీ పేరే రాస్తాను. కాకపోతే శనివారం లోపల గట్టే లేని చోట, లంగరు ఒక్కదాని మీద పడవని నిలబెట్టి రా. అల్లుణ్ణి ముంచెయ్యకుండా."

ఆమె ఫోను పెట్టేసింది. ఎదురుగా రేవు నీళ్ళ మీద వెలుగు పండు రంగుకు తిరిగింది. వాయోస్ ఆమె భుజానికి తువ్వాలు చుట్టి, ఏమన్నాడని కళ్ళతోనే అడిగాడు.

"రేపు పొద్దున్నే అర్కి లంక వైపు వెళ్దాం," అంది అర్గిరో. "దాని వెనక ఇసుక అడుగున్న ఖాళీ అఖాతం ఒకటుంది, గట్టూ లేదు, మనుషులూ లేరు. దారంతా చుక్కాని నువ్వు పట్టుకుంటావు."

"నేనా?"

"నువ్వే మాస్టారూ. నేను నేర్పుతాను. లోతు తక్కువైన చోటికి రాగానే నేను ముందుకెళ్ళి బోర్లా పడుకుంటాను. కింద వెళ్ళే ఆ పడవని నేనింకా చూడలేదు."